తోరా లేఖనధర్మమును మన తాళపత్రములును

కోదాడకు దక్షిణముగ, కృష్ణకు ఆవలిగట్టున, ఒకప్పుడు లోకమెల్ల నెఱిగిన కొల్లూరు వజ్రపుగనులుండెను. ఆ తావిప్పుడు పులిచింతల జలాశయపు ముంపులోనిది. 17వ శతాబ్దమున గోలకొండ సుల్తానుల యేలుబడిలో ఈ వజ్రములకై దేశదేశముల వర్తకులు వచ్చుచుండిరి. వారిలో యూదులును గలరు. చెన్నపట్టణపు కోటలో కాపురముండి వజ్రవ్యాపారము సాగించిన జాక్ ద పైవా యను యూదవర్తకుడు గోలకొండగనులకు పోయివచ్చి 1687లో మరణించెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల సీమ రాజధానికిని ఆ గనులకును నడుమ నున్నది. ఐనను వర్తకులకథ యిచట ముఖ్యము కాదు. యూదులు వజ్రములకంటె పదిలముగ కాపాడుకొనిన సొత్తు వేఱొకటి కలదు. అది వారి తోరా. అనగా మోషేప్రవక్త పేర వెలసిన ఐదు కాండముల ధర్మగ్రంథము.

ఆ గ్రంథములోని కొంతభాగము పైవాకంటె నలువదియేండ్లు ముందుగనే హైదరాబాదు చేరియుండెను. పారసీకదేశమున కాషాను పట్టణపు యూదకుటుంబమున పుట్టి, హెబ్రీవిద్య నేర్చి, పిదప మహమ్మదీయుడై, వర్తకమునకై సింధుదేశపు ఠట్టానగరమునకు వచ్చి, అచ్చట సర్వమును విడిచి దిగంబరియైన సర్మద్ అను సూఫీకవి, అభయచందు అను శిష్యునితో గూడ అబ్దుల్లా కుతుబుషా కాలమున హైదరాబాదు ప్రవేశించెను. మతములనుగూర్చి పారసీకమున వ్రాయబడిన 'దబిస్తాన్' అను గ్రంథమునకు కర్తయైనవాడు హిజరీ 1057లో, అనగా 1647లో, సర్మదును అక్కడనే కలిసికొని యూదమతవిషయములను అతనినోట వినెను. అభయచందు పారసీకమున చేసిన ఆదికాండపు మొదటి యధ్యాయముల యనువాదమును సర్మదుతో సరిచూచి తన గ్రంథమున చేర్చెను. తరువాత సర్మదు ఢిల్లీలో ఔరంగజేబు కాలమున 1661 ప్రాంతమున శిరశ్ఛేదము పొందెను.

హైదరాబాదులో పుట్టిన ఈ పారసీకపాఠమును యూదుడు చదువును, మెచ్చును, కాని తోరా యనడు. అర్థము సరియైనను, భాషాంతరము నిర్దుష్టమైనను, దానిని దేవళపు మందసమున నుంచడు, సభలో విప్పి చదువడు. ఏలయన వారికి తోరా యనగా అర్థసముదాయము మాత్రమే కాదు. ఒక నియతమైన చర్మముమీద, నియతమైన సిరాతో, నియతమైన లిపిలో, నియమవంతుడైన లేఖకుడు వ్రాసిన చుట్టయే తోరా. ఇందులో నేది లోపించినను మిగిలినది పుస్తకమగును గాని తోరా కాదు. ఈ నియమములు తల్ముదు అను ధర్మచర్చాగ్రంథమున చెదరియుండగా, ఈజిప్టున నివసించిన మోషే బెన్ మైమోన్ (1138–1204) తన ధర్మసంగ్రహమున వానిని వరుసగ కూర్చి, చుట్టను చెఱచు దోషములు ఇరువదియని గణించెను. 1565లో వెనీసున అచ్చుపడిన యోసేపు కారో ధర్మశాస్త్రము నేటికిని ప్రమాణము.

లేఖకుని హెబ్రీలో 'సోఫేర్' అందురు. ఆ పదపు ధాతువునకు లెక్కించుట యనియు నర్థము. తోరాలోని యక్షరములను ఎన్నుచుండుటచేతనే ప్రాచీనులకు సోఫేరులని పేరువచ్చెనని తల్ముదు నిరుక్తి చెప్పుచున్నది. వ్రాయువానికిని లెక్కించువానికిని ఒకటే పేరగుట గమనింపదగినది. నేటి చుట్టలలోని అక్షరములు 3,04,805.

ఇక ద్రవ్యములు. చుట్ట చర్మముతోనే యుండవలెను. ఆ చర్మము వారు తినదగినదని యెంచిన శుద్ధమృగముది కావలెను; ఐతే ఆ మృగము వధింపబడినదే కానక్కఱలేదు, తనంత చచ్చినదైనను చెల్లును. తోలు పదనుచేయునప్పుడే 'ఇది తోరాకొఱకు' అను సంకల్పముండవలెను. సంకల్పము లేక చేసిన తోలు ఎంత నున్ననిదైనను పనికిరాదు. యజ్ఞపాత్రను చెక్కునపుడు మనవారు చెప్పు సంకల్పమును ఎఱిగినవారికి ఇది వింతకాదు. సిరా నల్లనిదై నిలుకడగలదై యుండవలెను. పూర్వము దీపపుమసితో చేసెడివారు, పిమ్మట మాచికాయ, అన్నభేది, జిగురు కలిపి చేయుట వాడుకయైనది. కలము రెల్లుదిగాని పక్షియీకదిగాని. వ్రాయుటకు ముందు మొనతో సిరాలేని గీతలు గీయవలెను. గీతలు లేనిచో చుట్ట చెల్లదు. పంక్తివెడల్పును అంగుళములతో చెప్పక, పదియక్షరముల పొడవైన యొక హెబ్రీపదమును ముమ్మాఱు వ్రాయుటకు చాలినంత యని చెప్పిరి. ఒక్కొక తోలుఱేకున పత్రభాగములు మూటికి తక్కువయు ఎనిమిదికి మించియు నుండరాదు. ఱేకులను నూలుతో కాక, శుద్ధమృగపు నరములతో కుట్టవలెను.

ఇంతవఱకు ద్రవ్యశుద్ధి. లేఖనక్రియయందలి నియమములు దీనికంటె నిశితములు. వానిలో మొదటిది: లేఖకుడు ఎదుట మాతృకను పెట్టుకొనక ఒక్కయక్షరమైనను వ్రాయరాదు. పుట్టినదిమొదలు తోరాను వినుచు, కంఠస్థము చేసి, నిదురలోనైనను తప్పక చెప్పగలవాడైనను సరే, చూచియే వ్రాయవలెను. వ్రాయుటకు ముందు ప్రతిపదమును నోట పలుకవలెను. అనగా కన్ను, నోరు, చేయి మూడును ఒక్కపదముపై నిలిచినప్పుడే ఆ పదము చుట్టకెక్కును. ఈ నియమమునకు పరంపరలో ఒక కథ కలదు. రబ్బీ మేయిర్ అను మహావిద్వాంసుడు దూరదేశమునకు పోగా అచ్చట ఎస్తేరుగ్రంథపు హెబ్రీప్రతి దొరకలేదు. అతడు దానిని జ్ఞాపకమునుండి వ్రాసెను. ఒక పాఠాంతరమున కథ యింకను నడచును: అట్లు వ్రాసిన చుట్టను ఎదుట పెట్టుకొని రెండవదానిని వ్రాసి, మొదటిదానిని దాచిపెట్టి, రెండవదానినే సభలో చదివెనట! రెండింటను అక్షరభేదము లేదు. ఐనను ఒకటి జ్ఞాపకపు బిడ్డ, రెండవది ప్రతికి ప్రతి. నియమము తనకును వర్తించునని ఆ విద్వాంసుడు ఒప్పుకొనిన విధ మిది.

దేవుని పేరు వచ్చినచోట లేఖకుడు ఆగి, 'ఈ నామపు పవిత్రతకొఱకు వ్రాయుచున్నాను' అను సంకల్పము చేయవలెను. అప్పుడు రాజు వచ్చి కుశలమడిగినను మాఱుపలుకరాదు. ఒకసారి వ్రాసిన నామమును చెఱుపరాదు. తప్పుచోట వ్రాసినచో ఆ ఱేకునంతటిని తీసి దాచవలెను. తక్కిన పదములలో తప్పుదొరలినచో సిరా ఆరినపిమ్మట కత్తితో గీకి సరిచేయవచ్చును. కాని ఒక యక్షరమును గీకి వేఱొక యక్షరము మిగులునట్లు చేయుట కూడదు; అక్షరము వ్రాయగా పుట్టవలెను గాని గీకగా మిగులరాదు. ప్రతి యక్షరమునకు నలుదెసల ఖాళీచర్మముండవలెను. రెండక్షరములు తగిలినను దోషమే. ఒక పత్రభాగమున మూడు తప్పులవఱకు దిద్దవచ్చునని, నాలుగైనచో దాచవలసినదే యని తల్ముదు. ఒక యక్షరము ఇదియా అదియా యని సందేహము గలిగినపుడు ఏమి చేయవలెను? పండితుని అడుగరాదు. అతితెలివియు అతిమందబుద్ధియు కాని యొక బాలునికి చూపవలెను. ఆ బాలుడేమి చదివిన అదియే ఆ యక్షరము. పండితుడు సందర్భము నెఱుగును గనుక, లేనిదానిని ఉన్నట్లు చదువును. బాలుడు కంటికి కనబడినదానినే చదువును.

ఇంత బెదరుట దేనికన, హెబ్రీలిపిలో 'దాలెత్' అను దకారమును 'రేష్' అను రేఫమును ఒక చిన్నకోణముచేతనే భేదించును. వారు దినమునకు రెండుమార్లు జపించు ముఖ్యవాక్యమున దేవుడు 'ఎహాద్', అనగా ఏకుడు, అని యున్నది. దకారపు మూల గుండ్రనైనచో అది 'అహేర్', అనగా అన్యుడు, అగును. అద్వితీయుడని చెప్పవలసినచోట అన్యదేవత వచ్చికూర్చుండును. రబ్బీ ఇష్మాయేలు తనయొద్దకు వచ్చిన లేఖకుడైన మేయిరును హెచ్చరించుచు, ఈ పని దైవకార్యమనియు, అందొక యక్షరము విడిచినను ఎక్కించినను లోకమునంతటిని నాశముచేసినవాడ వగుదువనియు చెప్పెను. ఈ మాట వినగానే వైయాకరణునకు పస్పశాహ్నికమున పతంజలి ఎత్తిన 'ఇంద్రశత్రు' కథ స్ఫురించకమానదు. త్వష్ట ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని హోమముచేసి, తత్పురుషమునకు తగిన అంతోదాత్తమును పలుకక ఆద్యుదాత్తమును పలికెను. సమాసము బహువ్రీహియై, ఇంద్రుడే వానికి శత్రువయ్యెను. పుట్టిన వృత్రుడు చచ్చెను. అక్కడ భయము అక్షరపు మూలను గూర్చి. ఇక్కడ స్వరమును గూర్చి. భయము మాత్రమొక్కటే. అది చేతికి తగిలెనా నోటికి తగిలెనా యనుటయే భేదము.

ఈ భేదమును ఇంకొకచోట స్పష్టముగ చూడవచ్చును. తల్ముదునందొక నిషేధము కలదు: లిఖితమైన ధర్మమును కంఠస్థముగ చెప్పరాదు, వాచికమైన ధర్మమును లిఖితమునుండి చెప్పరాదు. మోషేకు దేవుడు వ్రాతరూపమున తోరాను, నోటిమాటగ దాని వ్యాఖ్యను ఇచ్చెనని వారి విశ్వాసము. మూలము వ్రాత, వ్యాఖ్య నోరు. మనకు అది తలక్రిందులు. మూలమైన శ్రుతి నోట నిలిచినది. స్మృతులు, భాష్యములు వ్రాతకెక్కినవి. పాణినీయశిక్ష పాఠకాధములను ఆర్గురను చెప్పుచు వ్రాసినదానిని చూచి చదువువానిని అందులో చేర్చెను. భారతమున ఆనుశాసనికపర్వము వేదమును అమ్మువారితోపాటు వ్రాయువారినిగూడ నరకమునకు పంపినది. ఒక జాతి చూడక వ్రాసినవానిని దోషియన్నది. ఒక జాతి చూచి చదివినవానిని అధముడన్నది.

సూర్యాపేట కంటియున్న పిల్లలమఱ్ఱిలో రేచర్లరెడ్లు కట్టించిన గుడులును, శాలివాహనశకము 1117, 1130 (క్రీ. శ. 1195, 1208) నాటి శాసనములును గలవు. అక్కడ రాజులపేర్లు, వంశములు, దేవునికిచ్చిన భూములు అన్నియు రాతికెక్కినవి. ఆ గుడులలో ప్రతిదినమును వినబడిన వేదము మాత్రము రాతికెక్కలేదు. సూర్యాపేటకు మఱొకదెసనున్న ఫణిగిరిలో ఇక్ష్వాకురాజైన రుద్రపురుషదత్తుని పదునెనిమిదవ యేట బౌద్ధులు ధర్మచక్రస్తంభము నెత్తి దానిపై వ్రాయించుకొనిరి. బౌద్ధులకు వ్రాతయందు సంకోచము లేదు. కాకతీయులనాటి వైదికవిద్య యెట్లుండెనో తెలియుటకు 1261 నాటి మల్కాపురశాసనము చాలును. అందు ఋగ్యజుస్సామములు చెప్పుటకు ముగ్గురు అధ్యాపకులకు, పదవాక్యప్రమాణాదిశాస్త్రములకు వేఱుగ ఐదుగురికి వృత్తి కల్పింపబడినది. వేదముయొక్క మాతృక గురువు నోరే.

ఆ నోటిని నియమించుటకు మనవారు చేసిన యేర్పాటు సోఫేరుల యేర్పాటునకు ఏమాత్రము తక్కువది కాదు. సంహిత చెప్పి, పదములు విడదీసి, క్రమముగ జంటలుకట్టి, జటలో ముందువెనుకలు త్రిప్పి, ఘనలో ఒకపదమును పలుమాఱులు పలికించి, ఒక స్వరము జాఱినను వెంటనే చెవికి తగులునట్లు చేసిరి. లెక్కించుటయందును ఇరువురు సమానులే. ఋగ్వేదమున ఋక్కులు 10,580న్నర పాతికలోపు, అనగా పాదాధికముగ 10,580 అనియు, పదములు 1,53,826 అనియు, అక్షరములు 4,32,000 అనియు అనుక్రమణి లెక్కచెప్పుచున్నది.

ఐనను పక్షపాతము లేక విచారించినచో మన పద్ధతికిని ఒక లోటు కలదు. పతంజలికాలమున ఋగ్వేదమునకు ఇరువదియొకటి, యజుస్సునకు నూటయొకటి, సామమునకు వేయి, అథర్వమునకు తొమ్మిది శాఖలుండెనని భాష్యము. నేడు ఋగ్వేదమున శాకలశాఖయే ప్రసిద్ధము. తెలుగునాట తైత్తిరీయమే యింటింటి వేదము. పోయినశాఖలలో తప్పులుదొరలి పోలేదు. చెప్పువాడు పోగా ఒక్కసారిగ పోయినవి. నోటిరక్షణము తప్పును రానీయదు, నాశమును ఆపలేదు. కాశ్మీరమున వసుక్రుడను బ్రాహ్మణుడు వేదము మఱపునబడునను భయమున దానిని వ్రాతకెక్కించెనని అల్బెరూనీ 1030 ప్రాంతమున వ్రాసెను. యూదులు తమ వాచికధర్మమును క్రీ. శ. 200 ప్రాంతమున మిష్నాగ కూర్చి, తరువాత వ్రాతకెక్కించుటయు ఇట్టి భయముచేతనే. వ్రాతకుమాత్రము చావు లేదా? మైమోన్ పండితుడు ప్రమాణముగ గ్రహించిన బెన్ అషేరుప్రతి యని చెప్పబడు అలెప్పోపుస్తకము వెయ్యేండ్లు నిలిచి, 1947లో అలెప్పోనగరపు అల్లరులలో దేవళము తగులబడినపుడు చాల ఆకులను కోల్పోయెను. తోరాభాగము కొలదిపుటలు మాత్రమే మిగిలినది.

చర్మమునుగూర్చి ఒకమాట చెప్పక ఈ విషయము సాగదు. ఆచారపరుడైన తెలుగుపండితునకు శ్రుతిని పశుచర్మముమీద వ్రాయుట యనగానే గగుర్పాటు కలుగును. అదే పండితుడు వటువునకు కృష్ణాజినమును కట్టించును, దానిపై కూర్చుండి జపించును. శుద్ధాశుద్ధములు వస్తువునందు లేవు, విధియందున్నవని మీమాంసకులు ఎపుడో తేల్చిరి. ఐనను లోకాచారము తోలును ముట్టువానిని ఊరివెలుపల నిలిపెను. గుంటూరుజిల్లా చేబ్రోలుచేరువ కొత్తరెడ్డిపాలెమున గత శతాబ్దపు చివర యూదాచారమును బహిరంగముగ అవలంబించి, తాము ఎఫ్రయిముగోత్రపు సంతతివారమని చెప్పుకొను బెనే ఎఫ్రయిము సమాజమువారు మాదిగకులమునుండి వచ్చినవారు. వీరినిగూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనువారు వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. తోలుపని చేయు కులమని ఊరు దూరముంచినవారు, తోలునే దైవవాక్యమునకు పీఠముగ జేసిన ధర్మమును తమదిగ చెప్పుకొనుట చరిత్రకారుడు ఊరక దాటిపోదగిన విషయము కాదు. వారి వంశవాదము నిలుచునా లేదా యనునది వేఱుమాట.

ఇంతకును శ్రుతికి నోరు కాపున్నది, తోరాకు చేయి కాపున్నది. మన తెలుగుకావ్యములకు ఏది కాపు? ఈ ప్రశ్నయే సాహిత్యపరిశోధకులకు ముఖ్యమైనది. కావ్యమునకు ఘనపాఠము లేదు. వ్రాయసకానికి ధర్మశాస్త్రము లేదు. తాటియాకు, గంటము, పసరో మసియో పూయుట, రెండు పలకలు, ఒక త్రాడు – ఇంతే సామగ్రి. పదములకు నడుమ ఎడము లేదు. చాల ప్రతులలో ఎత్వ ఒత్వములకు హ్రస్వదీర్ఘభేదము కానరాదు, అరసున్న వ్రాయబడదు, రేఫ శకటరేఫములు కలిసిపోవును, దకార ధకారములు, పకార వకారములు వ్రాయువాని చేతిని బట్టి మాఱును. ప్రతికడపట వ్రాయసకాడు వ్రాయు ఆచారవచనము అందఱెఱిగినదే: తాను చూచినదెట్లున్నదో అట్లే వ్రాసితిననియు, తప్పొప్పుల దోషము తనది కాదనియు. నడుము మెడ వంగ వ్రాసితిని, నూనెనుండి నీటినుండి మూర్ఖునిచేతినుండి పుస్తకమును కాపాడుడని చదువరిని వేడుకొనును. కష్టము చెప్పుకొనును, బాధ్యత వదలుకొనును. సోఫేరునకు ఈ వెసులుబాటు లేదు. తప్పు మాతృకలోనిదైనను చుట్ట చెల్లదు.

ఛందస్సు మాత్రము కావ్యమునకు కొంత కంచె. నగణమైన 'కరము' అనుచోట 'హస్తము' అని వ్రాసినచో భగణమై పద్యము కుంటును, తప్పు పట్టుబడును. 'పదము' అని వ్రాసినచో గణము చెడదు. అది యతిస్థానమైనచో యతి చెడి పట్టిచ్చును. కాకున్నచో చేయి కాలై పోయినను పద్యము చక్కగ నడచును. కావున తెలుగుప్రతులలో యతిప్రాసస్థానములు నమ్మదగినవి, నడిమిపదములు సందేహింపదగినవి యని పరిష్కర్తలు ఎఱుగుదురు. వచనభాగములకు ఆ కంచెయు లేదు.

ఇచట ఒక మాట నిష్కర్షగ చెప్పవలసియున్నది. తాళపత్రములను చెఱచినది అజ్ఞుడైన వ్రాయసకాడని పండితులు సాధారణముగ నిందింతురు. అజ్ఞుడు వ్రాసినతప్పు తప్పువలె కనబడును; దానిని దిద్దుట సులువు. ఎక్కువ హాని చేసినవాడు విద్వాంసుడే. అతనికి పద్యము నోట నుండును. మాతృకను సగముచూచి సగము జ్ఞాపకమునుండి వ్రాయును. వ్యాకరణవిరుద్ధమని తోచినదానిని సాధువు చేయును. ప్రాతమాట తెలియనిచో తెలిసినమాట పెట్టును. పద్యము శిథిలముగ నున్నచో బిగించును. ఆ దిద్దుబాటునకు గుర్తుండదు. యతియు ప్రాసయు సరిపోవును. కవి యేమి వ్రాసెనో ఇక ఎవ్వరికిని తెలియదు. కంఠస్థమైనను చూచియే వ్రాయవలెనను విధి, అక్షరమును పండితునికి కాక బాలునికి చూపవలెనను విధి ఈ విద్వాంసుని కొఱకే యేర్పడినవి. మేయిరువంటివాడు తన జ్ఞాపకపుప్రతిని దాచిపెట్టినది ఇందులకే.

పిల్లలమఱ్ఱి యింటిపేరుగల పినవీరభద్రకవి (15వ శతాబ్ది) జైమినిభారతమును సరస్వతీప్రసాదమున ఒక్కరాత్రిలో ముగించెనని ఐతిహ్యము. ఒక్కరాత్రి వ్రాసినను, ఆ గ్రంథము అచ్చునకు వచ్చువఱకు నాలుగువందల యేండ్లు పరులచేతులలో నడచినది. శృంగారశాకుంతలమును అంతే. ఆ పిల్లలమఱ్ఱి శాసనములను మాత్రము ఎవ్వడును సాధువుచేయలేకపోయెను. రాతిపై తడికాగితము నొత్తి, మసిపూసి, అచ్చు తీసికొనువాడు తనకు తెలిసిన వ్యాకరణమును దానిలో చొప్పింపజాలడు. 1935లో హైదరాబాదు లక్ష్మణరాయ పరిశోధకమండలి ప్రకటించిన తెలంగాణా శాసనములను చదువునపుడు అసాధురూపములు ఎదురగుటయు, వానివలననే భాషాచరిత్రమునకు ఆధారములు దొరకుటయు ఈ కారణముచేతనే. మన వ్యాకరణములు కాదన్న రూపములు పలుచోట్ల కాకతీయులనాటి వాడుకరూపములు.

బ్రౌను దొర ఈ దురవస్థను గుర్తించినవాడు. కడపలో పండితులను జీతములపై నిలిపి, ఒక్కొక కావ్యమునకు పెక్కుప్రతులు తెప్పించి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వాని సంచయము నేటికిని చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున నున్నది. పెక్కుప్రతులను పోల్చుట మేలే. కాని వానిలోనుండి ఒక పాఠమును ఏరి శుద్ధప్రతియని వ్రాసి, వదలిన పాఠములను చెప్పనిచో, ఆ శుద్ధప్రతి యింకొక తాళపత్రమే యగును.

జీర్ణగ్రంథములకు ఇరువురును చేయుపని వేఱు. దేవునినామముగల ప్రాతప్రతులను యూదులు పాఱవేయరు, కాల్చరు. 'గెనిజా' అను కొట్టులో దాచి పిమ్మట పూడ్తురు. కైరోనగరపు బెన్ ఎజ్రా దేవళపు కొట్టులో అట్లు వేయబడి పూడ్చుట మఱవబడిన కాగితములను 1897లో షెక్టర్ పండితుడు కేంబ్రిడ్జికి చేర్చెను. వానిలో తోరాముక్కలే కాక, 12వ శతాబ్దమున మంగళూరున కాపురముండి కంచుపని చేయించిన అబ్రహాం బెన్ యీజూ అను వర్తకుని ఉత్తరములును దొరకినవి. దక్షిణదేశపు సముద్రవ్యాపారచరిత్రమున కొక యధ్యాయము ఈ చిత్తుకాగితముల పుణ్యమే. తెలుగునాట జీర్ణతాళపత్రమును నదిలో కలుపుట సదాచారము. మూసీకృష్ణలు గలియు మిర్యాలగూడసీమలోని వాడపల్లివంటి సంగమములకు మనకు కొదువలేదు. నీట కలిసినది ఋణముతీఱిన పుస్తకము. పరిశోధకునికి మాత్రము అది తీఱనిఋణము.

చేతికాపు ఎంతవఱకు ఫలించినదో పరీక్షింపబడిన సందర్భమొకటి దక్షిణదేశమునందే కలదు. క్లాడియస్ బుకానన్ అను క్రైస్తవాచార్యుడు 1806 మొదలు కొచ్చినిప్రాంతపు యూదులయొద్ద ప్రాతగ్రంథములను సేకరించి, ఒక తోరాచుట్టను కేంబ్రిడ్జికి పంపెను. అది ఎఱ్ఱరంగువేసిన మేకతోళ్లది. తోళ్లు 37, పొడవు 48 అడుగులు. లేవీయకాండము మొదలగు భాగములు లోపించినవి. థామస్ యేట్స్ దానిని ఐరోపాలో అచ్చుపడిన హెబ్రీపాఠముతో అక్షరాక్షరము పోల్చి 1812లో ఫలితము ప్రకటించెను. భేదములు నలువదికి మించలేదు. అవియు చాలవఱకు అర్థము మార్చనివి. యకార వకారసూచకములైన 'యోద్', 'వావ్' అను అక్షరములు ఉండుటయు లేకుండుటయు మాత్రమే. మలబారుతీరమున దొరకిన చుట్టయు ఐరోపాలో ముద్రితమైన పుస్తకమును ఇంతమాత్రము భేదించినవి. మన ప్రబంధమునకు ఒకటే జిల్లాలో దొరకిన రెండుప్రతులను పోల్చినవారు ఒక్క ఆశ్వాసమున ఎన్ని పాఠాంతరములు వ్రాసికొందురో తెలిసినదే.

చుట్టలోని వ్రాతకు అచ్చులు లేవు, హల్లులే కలవు. అచ్చులగుర్తులు పెట్టిన చుట్ట సభలో చదువుటకు చెల్లదు. అచ్చులు, స్వరములు, విరామములు చదువువాని నోటినుండి రావలెను. వానిని తిబేరియనగరపు మసోరాపండితులు చుట్టలకు వెలుపల, విడిపుస్తకములలో, గుర్తులుకల్పించి నిలిపిరి. అనగా వ్రాతయే ప్రమాణమన్న జాతికిని కడపట గురుముఖము తప్పలేదు. వ్రాతకును నోటికిని వైరుధ్యము వచ్చినచోట ఆ పండితులు చేసినపని ప్రతి పరిష్కర్తయు చూడదగినది. 'అతడు' అను నర్థముగల 'హూ' అనుపదమును, 'ఆమె' యను నర్థముగల 'హీ' అనుపదమును మధ్యాక్షరమొక్కటే భేదించును. తోరాలో స్త్రీవాచకము రావలసిన చాలచోట్ల పుంవాచకపు టక్షరములే వ్రాసియున్నవి. సరియైన అక్షరము పదునొకండుచోట్ల మాత్రమే యున్నది. లింగవైరుధ్యము ఏ వటువునకైనను కనబడును. ఐనను సోఫేరులు ఆ యక్షరమును ముట్టలేదు. చుట్టలో 'హూ' యనియే వ్రాయుదురు, సభలో 'హీ' యనియే చదువుదురు. పదునొకండుచోట్లు ఏవియో మసోరాలో లెక్కవేసి వ్రాసియున్నది.